కారవాన్‌లో ఏసీ: చేతికి దొరికేది ఆరు ఆంప్స్ ప్లగ్గే అయితే ఏది పెట్టుకోవాలి?

పోయిన మే నెలలో మా బావమరిది కొత్తగా చేయించిన కారవాన్ (లోపలే పడుకునేలా మార్చిన ట్రావెలర్ వ్యాన్) వేసుకుని భీమిలి దారిలో ఓ రిసార్టుకి వెళ్ళాం. బండి నిలపడానికి చోటిచ్చారు. కరెంటు అడిగితే వాచ్‌మన్ గదిలో ప్లగ్ చూపించారు. ఆరు ఆంప్స్ చిన్న ప్లగ్. బండిలో ఉన్నదేమో టన్నున్నర విండో ఏసీ, పాత రకం. అడాప్టర్ తగిలించి, ముప్పై మీటర్ల సన్న వైరు లాగి స్విచ్ వేశాం. ఫ్యాన్ తిరిగింది. మూడు నిమిషాలకి కంప్రెసర్ గుర్రుమంది, ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోయింది. మళ్ళీ లేపాం, మళ్ళీ పడింది. మూడోసారి వాచ్‌మన్ బయటికొచ్చి, "బాబూ, నా ఫ్యాను కూడా ఆగిపోతంది, ఇక వదిలేయండి" అన్నాడు.

"ఎవడు పెట్టమన్నాడ్రా టన్నున్నర?" అని అడిగాను.

"బండి చేసిన షెడ్డులో అన్నారు బావా, పెద్దదైతే తొందరగా చల్లబడుతుందని."

తలుపు తీస్తే దోమలు, మూస్తే చెమట. అలాగే తెల్లారింది. ఆ తర్వాత వేసవి అంతా క్లాంప్ మీటర్ (వైరుకి తగిలించి ఆంప్స్ చూసేది) పట్టుకుని ఆ బండితోనూ, మరో ఇద్దరు స్నేహితుల బండ్లతోనూ కుస్తీ పట్టాను. కారవాన్ చేయిస్తూ ఏసీ దగ్గర ఆగిపోయినవాళ్ళకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

## ముందు మూడు లెక్కలు

షోరూముకి వెళ్తే అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని టన్నులు?" కారవాన్‌కి అది చివర్లో అడగాల్సింది. ముందు చూడాల్సినవి మూడు: స్టార్టింగ్‌లో ఎంత లాగుతుంది, నడిచేటప్పుడు ఎంత లాగుతుంది, రాత్రంతా కలిపి ఎన్ని యూనిట్లు కాలుతుంది. ఈ మూడూ వేర్వేరు లెక్కలు. ఒకదానికి మందు ఇంకోదానికి పనిచేయదు.

స్టార్టింగ్ సంగతి. పాత రకం కంప్రెసర్ ఆగిన స్థితి నుంచి ఒక్క ఊపున లేస్తుంది. ఆ క్షణంలో మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. నడిచేటప్పుడు 5 ఆంప్స్ తినే ఒక టన్ను ఏసీ లేచేటప్పుడు 25 నుంచి 30 ఆంప్స్ అడుగుతుంది. టన్నున్నరదైతే 40 దాకా పోతుంది. దానికి సన్న వైరు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు 30 మీటర్లు లాగితే, రానూపోనూ 60 మీటర్లు కలిపి ఒక ఓమ్‌కి కాస్త పైన నిరోధం ఉంటుంది. 40 ఆంప్స్ లాగిన క్షణంలో 40 వోల్టులు ఆ వైరులోనే ఆవిరైపోతాయి. అసలే సాయంత్రం పూట లైన్లో వోల్టేజీ తక్కువ. చాలినంత వోల్టేజీ అందక కంప్రెసర్ తిరగలేదు. తిరగలేక కరెంటు లాగుతూనే ఉంటుంది. ఎంసీబీ పడుతుంది. ఆ రాత్రి మాకు జరిగింది ఇదే. అదే వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం 18 వోల్టుల దగ్గర ఆగుతుంది.

రెండోది నడిచే లోడు. మన ఇళ్ళలో, రిసార్టుల్లో రెండు రకాల సాకెట్లుంటాయి. చిన్నది 6 ఆంప్స్, పెద్దది 16 ఆంప్స్, అంటే అందరం పవర్ ప్లగ్ అనేది. 230 వోల్టుల దగ్గర చిన్నదాన్నుంచి లెక్కకి 1,380 వాట్లు, పెద్దదాన్నుంచి 3,680 వాట్లు. లెక్కకి మాత్రమే. ఎప్పుడో బిగించిన సాకెట్, సముద్రపు గాలికి లోపల పచ్చగా చిలుము పట్టిన పిన్నులు... గంటల తరబడి లాగాలంటే చిన్నదాన్నుంచి 4 ఆంప్స్, పెద్దదాన్నుంచి 12 దాటొద్దని నా నియమం.

మూడోది యూనిట్లు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. చిన్న ప్లగ్ నుంచి 4 ఆంప్స్ చొప్పున ఎనిమిది గంటలు తీసుకుంటే 7 యూనిట్లకి పైనే వస్తుంది. వేడి పట్టకుండా చేసిన బండిలో ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రంతా తినేది మూడు నాలుగు యూనిట్లు. అంటే ఆ వాచ్‌మన్ గది ప్లగ్గులో మాకు కావలసినదానికి రెట్టింపు కరెంటు ఉంది! బండి వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్‌కి ఈ గోలంతా చెప్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "కరెంటు లేక కాదు సార్, అంతా ఒకేసారి అడుగుతున్నారు. అందుకే పడిపోతంది."

ఇంకో మాట. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ వీడియోలు చూసి "వాళ్ళకి 30 ఆంప్స్ కనెక్షన్ ఉంటుంది, మనకెక్కడ?" అనుకుంటారు. వాళ్ళ 30 ఆంప్స్ 120 వోల్టుల మీద. అంటే 3,600 వాట్లు. మన పవర్ ప్లగ్ ఇచ్చేదీ దాదాపు అంతే. వాళ్ళు కప్పు మీద పెట్టుకునే 13,500 బీటీయూ (చల్లదనానికి వాళ్ళ కొలత) ఏసీ మన లెక్కలో ఒక టన్నుకి కాస్త పైన. కాకపోతే అది 115 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడిచేది. చవగ్గా దొరికిందని అక్కణ్ణుంచి తెప్పించుకుంటే ఇక్కడ మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద నేరుగా నడవదు.

## విశాఖ గాలికి ఏది పనిచేస్తుంది

కూలర్ ఆలోచన వదిలేయండి. 150 వాట్లతో పని అయిపోతుందని ఆశగానే ఉంటుంది కానీ, కూలర్ గాలి పొడిగా ఉన్నచోటే పనిచేస్తుంది. మన బీచ్ రోడ్డు గాలిలో ఉన్న తేమకి ఇంకాస్త తేమ కలిపి ముఖాన కొడుతుంది. పరుపు కూడా చెమ్మగిల్లుతుంది.

ఇక్కడ ఏసీ చేయాల్సింది చల్లబరచడం ఒక్కటే కాదు, గాలిలోంచి నీళ్ళు పిండడం కూడా. కారవాన్‌లో టన్నున్నర వద్దనడానికి స్టార్టింగ్ ఒక్కటే కారణం కాదు. పాత రకం పెద్ద ఏసీ చిన్న గదిని ఐదు నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. తేమ మాత్రం అలాగే ఉంటుంది. దుప్పటి చల్లగా, జిగటగా ఉంటుంది చూడండి, అదే. చిన్న ఏసీ నెమ్మదిగా ఎక్కువసేపు నడిస్తేనే గది పొడిబారుతుంది. ట్రావెలర్ సైజు బండికి 0.8 నుంచి 1 టన్ను చాలు.

అసలు ఏసీ కొనేముందు ఖర్చు పెట్టాల్సింది కప్పు మీద. ఎండలో నిలబెట్టిన బండి రేకు మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. కప్పుకీ గోడలకీ 25 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్, అద్దాలకి వెండిరంగు షీట్లు, పైన తెల్ల పెయింటు. మా బావమరిది బండిలో తర్వాత పెట్టిన ఇన్వర్టర్ ఏసీకి ఫోమ్ వేయకముందు రాత్రి పదకొండింటికి సుమారు 3 ఆంప్స్ చూపించేది. వేశాక రెండు లోపుకి దిగింది. ఆ ఒక్క ఆంప్ మిగులు రాత్రంతా చూస్తే దాదాపు రెండు యూనిట్లు. అన్ని యూనిట్లు బ్యాటరీ రూపంలో కొనాలంటే ఫోమ్ ఖర్చు కంటే చాలా ఎక్కువ అవుతుంది.

## ఏసీల్లో ఏది?

| రకం | స్టార్టింగ్‌లో | నడిచేటప్పుడు | రాత్రి 8 గంటలు నడిస్తే | కనీసం కావలసింది | తలనొప్పి |
|---|---|---|---|---|---|
| పాత రకం విండో, 1 టన్ను | 25–30 ఆంప్స్ | 1,000–1,200 వాట్లు | 5–6 యూనిట్లు | 16 ఆంప్స్ ప్లగ్, లావు వైరు | చిన్న ఎంసీబీ, చిన్న జనరేటర్ తట్టుకోవు |
| అదే, సాఫ్ట్ స్టార్టర్‌తో (కంప్రెసర్‌ని మెల్లగా లేపే పరికరం) | 8–12 ఆంప్స్ | అంతే | అంతే | 16 ఆంప్స్ ప్లగ్ లేదా జనరేటర్ | యూనిట్లు తగ్గవు |
| ఇన్వర్టర్ స్ప్లిట్, 0.8–1 టన్ను | విడిగా దెబ్బ ఉండదు | 250–1,100 వాట్లు | 3–4 యూనిట్లు | 6 ఆంప్స్ ప్లగ్ సరిపోతుంది | కుదుపులకి గ్యాస్ లీక్ |
| 24 వోల్టుల పార్కింగ్ ఏసీ | ఉండదు | 400–900 వాట్లు | 3.5–5 యూనిట్లు | బ్యాటరీ తప్పనిసరి | సర్వీసు, స్పేర్లు |

యూనిట్ల లెక్క వేడి పట్టకుండా చేసిన బండికి, 26 డిగ్రీల దగ్గర పెట్టినప్పుడు. 18కి దింపితే ఈ అంకెలేవీ నిలవవు. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే ఆన్ అయ్యేలా వస్తున్నాయి. కారవాన్‌లో ఇంకో రెండు పెంచి చిన్న ఫ్యాన్ తోడిస్తే హాయిగా నిద్రపడుతుంది.

ఇన్వర్టర్ స్ప్లిట్. నా ఓటు దీనికే. ముందు ఒక అపోహ తీర్చాలి. ఇన్వర్టర్ ఏసీ అంటే ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిచే ఏసీ అని చాలామంది అనుకుంటారు. పేరొకటే, పని వేరు. ఇందులో కంప్రెసర్ సున్నా నుంచి నెమ్మదిగా వేగం పుంజుకుంటుంది, గది చల్లబడ్డాక ఆగిపోకుండా వేగం తగ్గించుకుంటుంది. అందుకే స్టార్టింగ్ దెబ్బ ఉండదు. మొదటి అరగంట వెయ్యి వాట్ల దాకా తిని, తర్వాత మూడు నాలుగు వందలకి దిగుతుంది.

మన మార్కెట్లో ఇప్పుడు చాలా మోడళ్ళకి కన్వర్టిబుల్ మోడ్ ఉంటోంది. రిమోట్‌లో 40, 60, 80 శాతం అని నొక్కితే కంప్రెసర్ ఆ గీత దాటదు. ఇళ్ళలో దీన్ని ఎవరూ ముట్టుకోరు. కారవాన్‌కి మాత్రం ఇది వరం. చిన్న ప్లగ్ దొరికిన రోజు 60 శాతం దగ్గర పెట్టేస్తే దాదాపు 3 ఆంప్స్ దాటదు. గది చల్లబడటానికి ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. దుకాణంలో స్టార్ల కంటే ముందు ఈ మోడ్ ఉందా అని అడగండి.

దీనికున్న జబ్బు కుదుపులు. ఇది గోడకి కొట్టడానికి చేసిన వస్తువు, అనంతగిరి ఘాట్ ఎక్కడానికి కాదు. అరకు రెండుసార్లు వెళ్ళొచ్చాక స్నేహితుడి బండిలో చల్లదనం తగ్గింది. బయటి యూనిట్ దగ్గర మూత తీసి చూస్తే రాగి పైపు నట్టు చుట్టూ నూనె మరక, దాని మీద దుమ్ము పేరుకుని నల్లగా ఉంది. సబ్బు నురగ రాస్తే చిన్న చిన్న బుడగలు తేలాయి. గ్యాస్ అక్కణ్ణుంచే పోతోంది. కాబట్టి బిగించేటప్పుడే యూనిట్ కింద రబ్బరు దిమ్మలు వేయించండి. రాగి పైపుని కర్రలా తిన్నగా లాగకుండా ఒక చుట్టు వదులుగా ఉంచి, బాడీకి క్లాంపులతో పట్టించండి. మొదటి ఘాట్ ప్రయాణం అయ్యాక నట్లు ఒకసారి చూసుకోండి. ఇళ్ళకి ఏసీలు బిగించే కుర్రాళ్ళకి ఇవి తోచవు, పక్కనే ఉండి చెప్పాలి. బయటి యూనిట్ కాయిల్‌కి నీలం పూత ఉన్నదే తీసుకోండి. పూత ఉన్నా సరే, బీచ్ పక్కన ఉండి వచ్చాక మంచినీళ్ళతో కడగకపోతే ఉప్పు రేకుల్ని తినేస్తుంది.

24 వోల్టుల పార్కింగ్ ఏసీ. లారీ క్యాబిన్ల కోసం వచ్చినవి ఇవి. కప్పు మీద కూర్చునే ఒకే డబ్బా రకమైతే గ్యాసు ఫ్యాక్టరీలోనే నింపి సీలు చేసి ఉంటుంది, ఘాట్ రోడ్డుకి భయపడక్కర్లేదు. బ్యాటరీ నుంచి నేరుగా నడుస్తుంది, బ్యాటరీ కరెంటుని 230 వోల్టులకి మార్చే ఇన్వర్టర్ మధ్యలో తినే పది పదిహేను శాతం మిగులుతుంది. అయితే 12 వోల్టుల రకం జోలికి పోవద్దు. 800 వాట్లకి 12 వోల్టుల మీద 67 ఆంప్స్ పారుతుంది. దానికి వేలు లావు వైరు కావాలి, కనెక్షన్ ఎక్కడ కాస్త వదులైనా కాలిపోతుంది. 24 మీద 33 ఆంప్స్, అది నయం.

చెడిపోతే? ఆన్‌లైన్‌లో కొన్నదానికి బోర్డు పోతే ఊళ్ళో చేసేవాడు దొరకడం కష్టం. ఇంట్లో వాడే స్ప్లిట్ అయితే గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ మెకానిక్‌ని పిలిచినా చెయ్యి పెడతాడు. మే నెలలో ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

పాత విండో, ఇప్పటికే ఉంటే. ఒక టన్నుది, బాగా నడుస్తుంటే పారేయక్కర్లేదు. సాఫ్ట్ స్టార్టర్ పెట్టిస్తే స్టార్టింగ్ కరెంటు మూడో వంతుకి దగ్గరగా తగ్గుతుంది. హార్డ్ స్టార్ట్ కిట్ అని అదనపు కెపాసిటర్ అంటగడతారు, రెండూ ఒకటి కాదు. అది కంప్రెసర్‌ని గట్టిగా నెట్టి తొందరగా లేపుతుంది తప్ప కరెంటు అంతగా తగ్గించదు. ఏది పెట్టినా నడిచే లోడు నడిచే లోడే, యూనిట్లు యూనిట్లే. బ్యాటరీ మీద రాత్రంతా నడపాలంటే విండోని మరిచిపోండి. టన్నున్నర ఉన్నవాళ్ళు అమ్మేయండి. మేము అమ్మేశాం.

ఇక బండి ఇంజిన్ ఏసీ. ప్రయాణంలో అదే వాడాలి, నిలబెట్టి ఇంజిన్ మీద పడుకోవడం మాత్రం ఎంపికే కాదు. డీజిల్ దండగ, పొగ ప్రమాదం.

## కరెంటు ఎక్కణ్ణుంచి?

ప్లగ్. రిసార్టుకి ముందే ఫోన్ చేసి "ఏసీ నడిపే పవర్ ప్లగ్ పార్కింగ్‌కి దగ్గర్లో ఉందా?" అని అడగండి. "కరెంటు ఉంది కదండీ" అన్న జవాబుని నమ్మొద్దు. వైరు మూడు కోర్లది, 2.5 చదరపు మిల్లీమీటర్లది, మీ సొంతది తీసుకెళ్ళండి. డ్రమ్ముకి చుట్టిన వైరైతే పూర్తిగా విప్పి పరవాలి. చుట్టలోనే ఉంచి ఏసీ నడిపితే లోపల వేడి పోయే దారి లేక తొడుగు కరుగుతుంది.

ఎర్తింగ్ గురించి ఎవరూ అడగరు. ప్లగ్గులో ఎర్త్ లేకపోతే, ఎక్కడైనా లీకేజీ ఉంటే, బండి ఇనుప బాడీ మొత్తం కరెంటు కొడుతుంది. తడి ఇసుకలో చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పిడి పట్టుకునేది పిల్లలే. బండిలో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకవగానే ఆపేసే స్విచ్) తప్పనిసరి. మూడు లైట్ల ప్లగ్ టెస్టర్ ఒకటి జేబులో ఉంచుకుని, వైరు తగిలించే ముందు సాకెట్‌లో గుచ్చి చూడండి.

జనరేటర్. 2 కేవీఏ పెట్రోల్ ఇన్వర్టర్ జనరేటర్ మీద 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ సుఖంగా నడుస్తుంది. పాత విండో అయితే లేవదు, జనరేటరే మూలిగి ఆగిపోతుంది. గంటకి దాదాపు లీటరు పెట్రోలు వేసుకోండి. చిన్న జనరేటర్ ట్యాంకు నాలుగు లీటర్ల లోపే, అంటే రాత్రి రెండింటికి లేచి టార్చి పట్టుకుని పెట్రోలు పోయాలి. క్యాన్‌లో పోయమంటే బంకుల్లో చాలాచోట్ల ఒప్పుకోరు. పక్క కాటేజీ వాళ్ళు చప్పుడుకి తిట్టుకుంటారు.

ఇవన్నీ చిన్న కష్టాలు. పెద్దది కార్బన్ మోనాక్సైడ్. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. బండిలోని జనరేటర్ పొగ లోపలికి చేరడమే కారణమని తర్వాత నిపుణులు తేల్చారు. ఈ వాయువుకి వాసన ఉండదు, దగ్గు రాదు. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు. జనరేటర్‌ని బండి డిక్కీలో బిగించి ఇస్తామంటే ఒప్పుకోకండి. వాడితే బండికి దూరంగా, గాలి బండి వైపు నుంచి జనరేటర్ వైపు వీచేచోట పెట్టి, పగలు మాత్రమే వాడండి. పగలు బ్యాటరీ నింపుకోవడానికి నడిపి, పడుకునే ముందు ఆపేయాలి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే.

లిథియం బ్యాటరీ. 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో 5 యూనిట్లకి కాస్త పైన నిల్వ ఉంటుంది. అందులో 4.6 దాకా వాడుకోవచ్చు. ఇన్వర్టర్ ఏసీ 3.5 యూనిట్లు, మధ్యలో నష్టం కలిపి 4. అంటే ఒక రాత్రి గడుస్తుంది, పొద్దున కాఫీకి నీళ్ళు కాచుకోవడానికి కూడా మిగులుతుంది. ఫోమ్ వేయని బండిలో అదే ప్యాక్ తెల్లారకముందే చేతులెత్తేస్తుంది.

ఇంట్లో వాడే ట్యూబులర్ బ్యాటరీలు పెడితే చవక కదా అంటారు. 150 ఆంపియర్ అవర్‌వి నాలుగు పెడితే కాగితం మీద 7.2 యూనిట్లు. సగానికి మించి తీస్తే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి చేతికొచ్చేది 3.6. బరువు రెండు క్వింటాళ్ళ పైన. లిథియం ప్యాక్ యాభై కిలోల లోపు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి, పడుకునే గదిలో మంచం కింద పెట్టేవి కావు. లిథియం ఖర్చు ఏసీ ధరకి రెండు మూడింతలు. అసలు కన్నా కొసరే ఎక్కువ అన్నమాట. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే (ఇంటి కరెంటులాగే నున్నటి అలతో ఇచ్చేది) కావాలి.

బ్యాటరీ, ప్లగ్ కలిసి పనిచేస్తే ఇంకా బాగుంటుంది. కొన్ని ఇన్వర్టర్ చార్జర్లలో "బయటి ప్లగ్ నుంచి ఇన్ని ఆంప్స్ మించి లాగొద్దు" అని సెట్ చేసుకునే వీలుంటుంది. 4 ఆంప్స్ అని పెడితే వాచ్‌మన్ గది ప్లగ్ 4 ఆంప్సే ఇస్తుంది, అంతకు మించి కావలసినప్పుడు బ్యాటరీ కలుపుతుంది, ఏసీ నెమ్మదించినప్పుడు మిగిలినది బ్యాటరీకి పోతుంది. మా భీమిలి కష్టానికి సరిగ్గా ఇదే మందు. దీనికి సగం సైజు బ్యాటరీ కూడా చాలు. కొనేటప్పుడు ఈ సెట్టింగ్‌ని తెరమీద చూపించమనండి. "ఉంటుంది సార్" అంటే సరిపోదు.

నడుస్తున్నప్పుడు బండి ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) నుంచి డీసీ చార్జర్ పెట్టి నింపుకోవచ్చు. 60 ఆంప్స్‌ది 12 వోల్టుల వైపు ఉంటే గంటకి ముప్పావు యూనిట్. విశాఖ నుంచి అరకు నాలుగు గంటలు వేసుకుంటే మూడు యూనిట్లు దాకా చేరతాయి. ఆల్టర్నేటర్ సామర్థ్యంలో సగం మించి లాగకండి, ఘాట్‌లో ఇంజిన్ వేడికి అదీ ఉడికిపోతుంది.

సోలార్. పెద్ద బండి కప్పు మీద 540 వాట్ల ప్యానెళ్ళు రెండు పొడుగ్గా పడతాయి. మంచి ఎండలో రోజుకి మూడున్నర నాలుగు యూనిట్లు, వర్షాకాలంలో అందులో సగం. ఒక చిక్కుంది: ఏసీకి బండి నీడలో ఉండాలి, సోలార్‌కి ఎండలో ఉండాలి. ప్యానెళ్ళు కప్పుకి గొడుగులా పనిచేస్తాయన్నది ఒక్కటే ఊరట. పూర్తిగా సోలార్ మీదే ఏసీ అనేవాళ్ళ మాట నమ్మకండి, అది కొసరు కరెంటు.

## మీరు ఏ రకం?

వారాంతాల్లో కుటుంబంతో రిసార్టులకే వెళ్ళేవాళ్ళయితే లిథియం ఇప్పుడే వద్దు. ఫోమ్, కన్వర్టిబుల్ మోడ్ ఉన్న 1 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, లావు వైరు, ఆర్‌సీసీబీ. ఇంతే. కరెంటు పోతే కిటికీలకి దోమతెరలూ, బ్యాటరీ ఫ్యానూ ఉంటే గంటో రెండు గంటలో గడిచిపోతాయి.

రుషికొండ అవతలో, యారాడ వైపో ప్లగ్ లేనిచోట నిలబెట్టి పడుకోవాలనుకునేవాళ్ళకి 5 యూనిట్ల లిథియం తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో వరసగా రెండో రాత్రి ఉండాలంటే మధ్యలో నింపుకునే దారి చూసుకోవాలి, సోలార్ ఒక్కటే ఆ పని చేయలేదు. వీళ్ళకి 24 వోల్టుల పార్కింగ్ ఏసీ కూడా సబబే, ప్లగ్ ఎలాగూ దొరకదు కాబట్టి.

అరకు, లంబసింగి ప్రయాణాలే ఎక్కువైతే ఏసీ కోసం ఇంత తపన అనవసరం. అరకు 900 మీటర్ల పైన ఎత్తులో ఉంది, చలికాలంలో అక్కడ అడిగేది రగ్గు. వేసవిలో కొండ దిగి వచ్చాక ఒక్క రాత్రి విశాఖలో ఉండటానికి ప్లగ్ చాలు. ఆ డబ్బు మంచి పరుపు మీద పెట్టండి.

అద్దెకి తిప్పేవాళ్ళ లెక్క వేరు. ఎక్కినవాళ్ళు 18 డిగ్రీలు పెట్టి తలుపు తీసి ఉంచుతారు. వాళ్ళకి సెట్టింగులు చెప్పి లాభం లేదు. 7 యూనిట్ల పైన బ్యాటరీ, ఆంప్స్ పరిమితి పెట్టగలిగే ఇన్వర్టర్, రెండూ తీసుకోండి. జనరేటర్ తాళం మాత్రం వాళ్ళ చేతికివ్వకండి. కప్పు మీద బరువు పెట్టినా, బాడీ మార్చినా రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అద్దె బండికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇదే మొదట అడుగుతారు.

పెద్దవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు వెంట ఉంటే ఒకే దారి మీద ఆధారపడకండి. ప్లగ్ ఉన్నచోటే దిగండి, చిన్నదైనా బ్యాటరీ తోడు పెట్టుకోండి.

ఏది బిగించినా, తీసుకెళ్ళే ముందు ఒక రాత్రి మీ ఇంటి ముందే బండిలో పడుకోండి. చిన్న ప్లగ్గులో యూనిట్ మీటర్ గుచ్చి, దాని మీద వైరు తగిలించి, ఏసీ 26 దగ్గర పెట్టండి. అరగంటకోసారి లేచి మీటర్‌లో ఆంప్స్ చూడండి, సాకెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపేసి సాకెట్ మార్పించండి. పొద్దున మీటర్‌లో ఎన్ని యూనిట్లు చూపిస్తే, దానికి ఓ ఇరవై శాతం కలిపి బ్యాటరీ షాపుకి వెళ్ళండి.